పసుపు ఆకాశం, మాయమైన ఏడు నిమిషాలు: ఇటలీ పాత సినిమాల డిస్కులపై మీ ప్రశ్నలు

ఇటలీ క్లాసిక్ సినిమాల డీవీడీలు, బ్లూరేలు కొనేవాళ్లకి వచ్చే సందేహాలు రాయమని పోయిన నెల అడిగాం. చాలానే వచ్చాయి. ఒకే ప్రశ్నని రకరకాలుగా అడిగినవాటిని కలిపేశాను. "ఏ కంపెనీ డిస్క్ కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి" అన్నవాళ్లకి మాత్రం ముందే చెప్తున్నా, ఇది ఒక్క ముక్కలో తేలే వ్యవహారం కాదు. ఒక సినిమాని అద్భుతంగా తెచ్చిన కంపెనీయే ఇంకో సినిమాని పాడు చేసి వదిలిన సందర్భాలు ఉన్నాయి. సినిమా సినిమాకీ విడిగా చూసుకోవాల్సిందే.

ప్రశ్న: ‘బైసికిల్ థీవ్స్’ బ్లూరే తెప్పించుకున్నానండి. అట్ట మీద "రిస్టోర్డ్" అని పెద్ద అక్షరాలు. పెట్టి చూస్తే బొమ్మ నిండా సన్న చుక్కలు, అవి ఊరుకోకుండా కదులుతున్నాయి. దీనికన్నా ఫోన్‌లో ఊరికే దొరికిన కాపీ నున్నగా ఉంది. నా డబ్బులు దండగేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: దండగ కాదండి. ఆ చుక్కల్లోనే సినిమా ఉంది. 1948లో డి సికా తీసింది ఫిల్మ్ మీద. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద బొమ్మ అంటే వెలుగు తగిలి ఏర్పడిన వెండి రేణువులే, వేరే ఇంకేమీ లేదు అక్కడ. ప్రతి ఫ్రేములో వాటి అమరిక వేరు కాబట్టి, సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంటే అవి కదులుతున్నట్టు కనిపిస్తాయి. దీన్నే గ్రెయిన్ అంటారు. దుమ్ము, గీతలు, మరకలు వేరే సంగతి, అవి తర్వాత పట్టినవి, తుడవాల్సిందే. గ్రెయిన్ అలా కాదు. దాన్ని సాఫ్ట్‌వేర్ పెట్టి తీసేస్తే దాంతోపాటు హీరో ఆంటోనియో బుగ్గల మీద గడ్డం, పాత కోటు నేత, గోడల పెచ్చులు అన్నీ పోతాయి. పాలిష్ ఎక్కువ పట్టిన బియ్యం తెల్లగా మెరుస్తాయి కానీ ఉండాల్సిందంతా తవుడులో పోయి ఉంటుంది, మీ ఫోన్ కాపీ సరిగ్గా ఆ బాపతు. ఆ పాత్ర వేసిన లాంబెర్తో మజోరానీ నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ ముఖాన్ని నున్నగా చేశాక ఇంక ఆ సినిమా చూసి లాభమేంటి చెప్పండి.

అయితే చుక్కలు ఉన్నంత మాత్రాన డిస్క్ మంచిదైపోదు. పాజ్ చేసి దగ్గరికి వెళ్లి చూడండి. చుక్కలు పొడిపొడిగా, ఎక్కడిదక్కడ వేరువేరుగా ఉంటే అది గ్రెయిన్. కదిలే మనిషి చుట్టూ చిన్నచిన్న చదరాలు పేరుకుంటే అది కంప్రెషన్, అంటే సినిమాని చోటు చాలక ఇరికించారన్నమాట. ఇంకోటి, మనుషులు కదులుతుంటే వెనకాల గోడ మీద చుక్కలు మాత్రం బిగుసుకుపోయి నిలబడి ఉంటే, అక్కడ సాఫ్ట్‌వేర్ చెయ్యి పడిందని లెక్క. ఈ సినిమాలోనే పోర్తా పోర్తేజే సంత దగ్గర వాన వచ్చే సీన్ ఉంది కదా, తండ్రీకొడుకులు గోడవారన నిలబడతారు. ఆటోమేటిక్‌గా శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌కి వాన చినుకుకీ ఫిల్మ్ మీద గీతకీ తేడా తెలియదు, మనిషి కూర్చుని ఫ్రేము ఫ్రేమూ చూసుకోకపోతే వానని కూడా తుడిచేస్తుంది. నేను ఈ సినిమా ఏ డిస్క్ చేతికొచ్చినా ముందు ఆ సీన్‌కే వెళ్తాను.

టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే కంగారు పడి జూమ్ నొక్కకండి, ఆ సినిమా కొలతే అంత, 1.37:1, అంటే ఎత్తుకి 1.37 రెట్లు వెడల్పు. పట్టీలు లేకుండా తెర నిండా వచ్చిందంటే పైనా కిందా కోసేశారు, లేదా అడ్డంగా సాగదీశారు. 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు దాకా వచ్చింది, ఆ ఉత్సవంలో చూపించిన సినిమాల్లో ఇదీ ఉంది. అప్పటి ప్రేక్షకులు ఈ గ్రెయిన్‌తోనే చూసి కళ్లు తుడుచుకున్నారు.

ప్రశ్న: ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ డిస్కులు నా దగ్గర రెండున్నాయి. ఒకదాంట్లో ఆకాశం నీలంగా ఉంది, 4కె అని వచ్చినదాంట్లో అంతా పసుపు పూసినట్టుంది. నా ఫ్రెండ్ ఏమో "ఎడారి కదరా, పసుపే ఒరిజినల్" అంటాడు. పందెం కూడా కాశాం. తీర్పు చెప్పండి.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పందెం మీదే, వసూలు చేసుకోండి.

కథ కొంచెం పెద్దది. 1966లో లియోనీ దీన్ని ఎక్కువగా స్పెయిన్‌లో తీశాడు, టెక్నిస్కోప్ పద్ధతిలో. మామూలుగా 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక ఫ్రేముకి, అంచున ఉండే రంధ్రాల లెక్కలో, నాలుగు రంధ్రాల ఎత్తు వాడతారు, టెక్నిస్కోప్‌లో రెండే. ఖరీదైన స్కోప్ లెన్సులు లేకుండానే స్కోప్ బొమ్మ వస్తుంది, ఫిల్మ్ ఖర్చు సగం. కానీ నెగటివ్ మీద బొమ్మ చిన్నది కాబట్టి పెద్దది చేసినప్పుడు గ్రెయిన్ కూడా పెద్దదవుతుంది. ఇది తెలియకో, తెలిసీ జనం గొడవ పెడతారనో, 2009లో వచ్చిన బ్లూరేలో గ్రెయిన్‌ని గట్టిగా తోమేశారు. శ్మశానంలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకునే ఆ క్లోజప్‌లలో చెమట, చర్మం మీద గుంటలు కనపడకపోతే ఆ సీన్ బిగువే ఉండదు. 2014లో నెగటివ్‌ని 4కెలో స్కాన్ చేసిన కొత్త కాపీ వచ్చింది. వివరం బ్రహ్మాండంగా తిరిగొచ్చింది, దాంతోపాటు మీరు చెప్పిన పసుపూ వచ్చింది. జనం గోల చేశారు. 2017లో డిస్కుల కంపెనీ కీనో లోర్బర్ వాళ్లు ఆ పసుపుని తగ్గించి మళ్లీ వేశారు, 2021లో వాళ్లదే 4కె డిస్క్ వచ్చింది, అందులో అమెరికా థియేటర్లలో ఆడిన వెర్షన్ ఉంది. బొమ్మ వరకైతే నా ఓటు ఆ 2021 దానికే.

"1966లో నువ్వు థియేటర్‌లో ఉన్నావా, అసలు రంగు నీకెలా తెలుసు?" అని మీ ఫ్రెండ్ తప్పకుండా అడుగుతాడు. సబబైన ప్రశ్నే. ప్రింటు మనం చూడకపోయినా పట్టుకునే దారి ఒకటుంది. కెమెరామన్ వేసిన రంగు సీన్ సీన్‌కీ మారుతుంది: పొద్దుటి వెలుగు ఒకలా, దీపం వెలుగు ఒకలా, నీడ ఇంకోలా. తర్వాత గ్రేడింగ్‌లో, అంటే కాపీకి రంగులు సరిచేసే పనిలో, ఎవరో కప్పిన రంగు మారదు, ఇంట్లోనూ బయటా, పగలూ రాత్రీ ఒకేలా పరుచుకుని ఉంటుంది. మబ్బులు, పొగ, పళ్లు, తెల్ల చొక్కా, ఇలా రంగు మనకి ముందే తెలిసిన వస్తువులు చూడండి. సినిమా మొత్తంలో ఎక్కడా తెలుపన్నదే లేకపోతే అది కెమెరామన్ పని కాదు. బొలోన్యా నగరంలోని లిమ్మాజినె రిత్రొవాతా ల్యాబ్‌లో రిస్టోర్ అయిన చాలా సినిమాల మీద ఈ పసుపు ఫిర్యాదు ఉంది. అయినా వాళ్లని తీసిపారెయ్యలేం, స్కానింగ్‌లో, చిరిగిన ఫిల్మ్‌ని అతికించి శుభ్రం చెయ్యడంలో వాళ్లు ప్రపంచంలో ముందు వరసలో ఉంటారు. రంగు దగ్గరే నాకూ వాళ్లకీ పేచీ.

ధ్వని సంగతి కూడా చూసుకోండి. 2003లో ఇంగ్లీషులో లేని సీన్లు కలిపి 179 నిమిషాలు చేసినప్పుడు, డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్, ఎనభై దాటిన ఎలై వాలాక్ మళ్లీ వచ్చి తమ డైలాగులు చెప్పారు. లీ వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు, ఆయనకి వేరేవాళ్లు చెప్పారు. వింటుంటే మధ్యలో ఉన్నట్టుండి గొంతులు ముసలివైపోతాయి. 5.1 ట్రాక్‌లో తుపాకీ చప్పుళ్లు కూడా కొత్తవి కలిపారు. మోనో ట్రాక్, అంటే ఒకే చానెల్‌లో ఉండే అప్పటి ధ్వని, లేని డిస్క్ అయితే నేను కొనను.

1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ రావడానికి వెనక ఉన్నది ఈ ఇటలీ కౌబాయ్ సినిమాలే. 2023లో ఆ సినిమా 4కె అని మళ్లీ థియేటర్లకి వచ్చిన దగ్గర్నుంచి మన దగ్గర కూడా 4కె అన్న మాట వినని వాళ్లు లేరు. అది స్కాన్ సైజు మాత్రమేనండి. రంగు సరిగ్గా ఉందనో, సినిమా పూర్తిగా ఉందనో ఆ మాట హామీ ఇవ్వదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు. క్రైటీరియన్ బ్లూరేలు తెమ్మంటే మా ప్లేయర్‌లో ఆడతాయా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలావరకు ఆడవండి. క్రైటీరియన్ అమెరికాలో క్లాసిక్ సినిమాల డిస్కులు వేసే కంపెనీ. ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా పెట్టే తాళాన్ని రీజియన్ అంటారు. బ్లూరేకి అమెరికా రీజియన్ ఎ, యూరప్ బి, మన దేశం సి. డీవీడీల్లో అయితే అమెరికా 1, మనది 5. 4కె యూహెచ్‌డీ డిస్కులకి మాత్రం రీజియన్ గోల లేదు, ఎక్కడివైనా ఆడతాయి, కాకపోతే అదే డబ్బాలో జతగా వచ్చే బ్లూరేకి తాళం ఉండొచ్చు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒకటి కొనుక్కోవడం నయం. అబ్బాయి చేతే తెప్పిస్తే అది 230 వోల్టులు తట్టుకుంటుందో లేదో వెనక చూసి మరీ కొనమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులే.

ప్రశ్న: విస్కాంటీ ‘ద లెపర్డ్’ నిడివి ఒకచోట 161 నిమిషాలు, ఒకచోట 178, ఇంకోచోట 185, ఒక పుస్తకంలో 205 అని ఉంది. ఇందులో పూర్తి సినిమా ఏది? తక్కువ నిమిషాలది కొంటే ఏం పోతుంది?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అట్ట మీద రాసే కబుర్లన్నిట్లోకీ నమ్మదగ్గది నిడివే, మంచి దాన్నే పట్టుకున్నారు. మొదట కూర్చినప్పుడు ఇది 205 నిమిషాలు, 1963లో కాన్ చిత్రోత్సవంలో చూపించి పామ్ డోర్ గెలిచినప్పుడు 195. తర్వాత విస్కాంటీయే తగ్గించి ఇటలీలో విడుదల చేసింది 185. మనం కొనాల్సింది ఇదే. అమెరికాలో ఫాక్స్ కంపెనీ దాన్ని 161కి కోసి, ఇంగ్లీషు డబ్బింగ్ వేసి, నాసిరకం రంగు ప్రింట్లతో వదిలింది. అది తన సినిమానే కాదన్నాడు విస్కాంటీ. క్రైటీరియన్ సెట్‌లో ఈ 161 కూడా జతగా ఇచ్చారు, బర్ట్ లాంకాస్టర్ సొంత గొంతు వినాలంటే అందులోనే వినాలి. సరదాకి చూడండి, అదే సినిమా అనుకోకండి.

ఇక 178. ఇందులో ఒక్క ఫ్రేము కూడా పోలేదు! యూరప్‌లోనూ మన దగ్గరా డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతిలో వచ్చేవి, దానికి సెకనుకి 25 ఫ్రేములు కావాలి. సినిమా తీసింది 24తో. ఒక ఫ్రేము తేడానే కదా అని సినిమాని నాలుగు శాతం వేగంగా తోలేసేవాళ్లు. 185 నిమిషాల సినిమా 178కి దిగేది అందుకే. మనిషి నడక వేగం పెరిగింది మనకి తెలియదు కానీ శ్రుతి కూడా పైకి పోతుంది, గొంతులు సన్నబడతాయి. ఈ సినిమా చివర విందు నాట్యంలో వినిపించేది వెర్డీ రాసి, అచ్చు వెయ్యకుండా ఉండిపోయిన వాల్ట్జ్. సంగీతం నేర్చుకున్నవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే పాల్ డీవీడీ, బ్లూరే పక్కపక్కన వినిపించండి, తేడా వెంటనే చెప్పేస్తారు. బ్లూరేలు మామూలుగా 24తోనే ఉంటాయి. కాబట్టి నిమిషాలు తక్కువ కనిపిస్తే ముందు 25తో గుణించి 24తో భాగించండి, లెక్క సరిపోతే కోత లేదు. సరిపోకపోతే అప్పుడు అనుమానించండి.

ఇంకో విషయం. లియోనీ సగం ఫిల్మ్‌తో తీశాడన్నాను కదా, విస్కాంటీ సరిగ్గా దానికి ఎదురు. ఈ సినిమా టెక్నిరామాలో తీశారు, కెమెరాలో ఫిల్మ్ నిలువుగా కాకుండా అడ్డంగా నడుస్తుంది, ఫ్రేముకి ఎనిమిది రంధ్రాలు, అంటే మామూలుకి రెట్టింపు. అంత పెద్ద నెగటివ్ ఉన్న సినిమా డిస్క్‌లో మసకగా కనిపిస్తే తప్పు డిస్క్‌దే, ఇంక సాకుల్లేవు. పరీక్షించాలంటే నాట్యం సీన్‌కి వెళ్లకండి, అక్కడ ఏ డిస్క్ అయినా బాగానే మెరుస్తుంది. దొన్నాఫుగాతా ఊరికి రాజకుటుంబం ప్రయాణం చేసి వచ్చి తిన్నగా చర్చిలో కూర్చుంటారు చూడండి, ముఖాల మీద, బట్టల మీద దారి దుమ్ము అంతా అలాగే ఉంటుంది. కెమెరా ఆ ముఖాల మీదుగా నెమ్మదిగా వెళ్తుంది. ఒక ప్రభువర్గం అంతరించిపోతోందని విస్కాంటీ చెప్పింది ఆ దుమ్ముతోనే. ఆ దుమ్ము చర్మం మీద పొడిలా విడిగా కనిపించాలి. చర్మంలో కలిసిపోయి బూడిద రంగు మేకప్‌లా కనిపిస్తే ఆ డిస్క్ వద్దు. క్రైటీరియన్ కాపీ కెమెరామన్ జుసెప్పె రొతున్నో పర్యవేక్షణలో తయారైంది. 2010లో బొలోన్యా సినిమాథెక్ (పాత సినిమాలు భద్రపరిచే సంస్థ), ఫిల్మ్ ఫౌండేషన్, గుచ్చీ డబ్బుతో కొత్తగా రిస్టోర్ చేసి మళ్లీ కాన్‌లోనే చూపించారు. రెంటికీ రంగులో తేడా ఉంది. నాకు రొతున్నో చూసి ఒప్పుకున్నదే ఇష్టం, కొత్తదాన్ని మెచ్చుకునేవాళ్లతో మాత్రం గొడవ పడను.

ప్రశ్న: ఫెల్లీనీ సినిమాల్లో పెదాలకీ మాటకీ పొంతనే ఉండటం లేదు. డిస్క్ మార్పించాలా? ఇటాలియన్ ట్రాక్ పెట్టుకోవాలా, ఇంగ్లీషుదా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మార్పించకండి, షాపువాడు నవ్వుతాడు. ఆ రోజుల్లో ఇటలీలో షూటింగ్‌లో ధ్వని పట్టడం మీద పెద్ద నమ్మకం లేదు, మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించేవాళ్లు. ఫెల్లీనీ అయితే కొందరు నటుల చేత డైలాగు బదులు అంకెలు చదివించేవాడు, అసలు మాటలు తర్వాత రాసుకునేవాడు. అంకెలు చదివిన పెదాలకి మాట ఎలా కలుస్తుంది? మన హీరోయిన్లకి ఇంకొకరు గొంతు ఇవ్వడం చూస్తూ పెరిగాం కాబట్టి మనకి ఇది మరీ వింత కాకూడదు. క్లాడియా కార్డినాలే అంత పెద్ద తార, ఆమె సొంత గొంతు ఇటాలియన్ సినిమాలో మొదటిసారి వినిపించింది 1963లో, ‘8½’లో. అంతకుముందు అంతా వేరేవాళ్లే.

ట్రాక్ విషయానికొస్తే ఫెల్లీనీ, విస్కాంటీ, ఆంతోనియోనీ ఇటాలియన్‌లోనే చూడండి. ‘లా స్త్రాదా’లో ఆంథోనీ క్విన్ ఇంగ్లీషు మాట్లాడాడు నిజమే, ఇంగ్లీషు డబ్బింగ్‌లో ఆయన సొంత గొంతూ ఉంది, కానీ జులియెత్తా మసీనాని ఇంగ్లీషులో వినడం నావల్ల కాదు. లియోనీ సినిమాలకి ఇంగ్లీషు పెట్టుకోండి, ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో ముఖ్యులు ముగ్గురూ ఇంగ్లీషు మాట్లాడినవాళ్లే.

అసలు లోపం ఎలా ఉంటుందో చెప్తా. మొదట్లో బాగానే ఉండి, గంట గడిచేసరికి తలుపు మూసిన తర్వాత చప్పుడు వస్తుంటే అది డిస్క్ తప్పే. మాటకీ మాటకీ మధ్య గదిలో గాలి కూడా లేనంత నిశ్శబ్దం ఉంటే, సన్నటి సర్‌ర్‌ మోతని తీసేస్తామని మాటల చివర్లు కూడా తినేశారన్నమాట. కొన్ని డిస్కుల్లో ఇంకో మోసం ఉంటుంది, ఇంగ్లీషు డబ్బింగ్ డైలాగులనే ఇటాలియన్ ట్రాక్ కింద సబ్‌టైటిల్స్‌గా వేసేస్తారు. నటుడు ఒక పేరు అన్నప్పుడు కింద ఆ పేరు లేకపోయినా, ఎవరూ మాట్లాడనప్పుడు సబ్‌టైటిల్ వచ్చినా అదే పని జరిగిందనుకోవచ్చు.

ప్రశ్న: ‘రోమ్, ఓపెన్ సిటీ’ ఎంత మంచి కాపీ అన్నదైనా ఒక సీన్ బాగుంటే ఇంకోటి మురికిగా ఉంటోంది. యుద్ధంలో దొరికిన ముక్కాచెక్కా ఫిల్మ్‌తో తీశారట కదా, అందుకేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ కథ అందరం విన్నాం, సినిమా పాఠాల్లో ఇప్పటికీ చెప్తుంటారు. 1990లలో ఇటలీ జాతీయ సినిమాథెక్ దాన్ని రిస్టోర్ చేస్తూ ఒరిజినల్ నెగటివ్ పరిశీలిస్తే మూడే రకాల ఫిల్మ్ కనిపించింది: బయటి సీన్లకి ఫెర్రానియా సి6, లోపలి సీన్లకి అగ్ఫా సూపర్ పాన్, అగ్ఫా అల్ట్రా రాపిడ్. వెలుగు హెచ్చుతగ్గులకి కారణం ల్యాబ్‌లో కడగడం సరిగ్గా లేకపోవడం, ఒక్కోసారి ఒక్కో టైము డెవలప్ చెయ్యడం. 1945 రోమ్‌లో అంతకన్నా ఏం ఆశిస్తాం. కాబట్టి ఈ సినిమాలో సీన్ సీన్‌కీ తేడా ఉండటం డిస్క్ లోపం కాదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మెరుగుతో వచ్చిన కాపీ ఎక్కడైనా కనిపిస్తే దాన్నే నేను అనుమానిస్తాను.

ప్రశ్న: "దర్శకుడు ఆమోదించినది", "కెమెరామన్ పర్యవేక్షణలో" అని ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఒక కన్ను తెరిచి ఉంచండి. ‘సుస్పీరియా’ ఈ మాటకి మంచి ఉదాహరణ. 1977లో దాని ప్రింట్లు టెక్నికలర్ అద్దకం పద్ధతిలో వేశారు, మూడు రంగుల్ని ఒకదాని మీద ఒకటి అద్దే పాత పద్ధతి అది, అందుకే ఆ ఎరుపు అంత గాఢంగా ఉంటుంది. తర్వాత వచ్చిన ఒక బ్లూరేలో కాంట్రాస్ట్ పెంచి పెంచి ఎరుపుని మంటలా చేశారు, ముఖాల్లో ముక్కు ఎక్కడుందో తెలియదు. డిస్కుల కంపెనీ సినాప్స్ వాళ్లు కెమెరామన్ లుచానో తొవోలీని కూర్చోబెట్టి 4కె కాపీ తయారు చేశాక 2017 చివర్లో కానీ రంగు ఒక దారికి రాలేదు, అప్పటి నాలుగు చానెళ్ల ధ్వని కూడా అందులో దొరికింది.

మరి విత్తోరియో స్తొరారో? గొప్ప కెమెరామన్, సందేహం లేదు. ఆయనకి తర్వాత్తర్వాత సినిమాలన్నీ 2:1 కొలతలోనే ఉండాలని పట్టుదల వచ్చింది. దాంతో 2.35:1లో తీసిన ‘ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’ని ఆరో (Arrow) అనే డిస్కుల కంపెనీ 2011లో ఆయన మాట ప్రకారం పక్కలు కోసి 2:1లో వేసింది. కొన్నవాళ్లు తిట్టిపోశారు. 2017లో అదే కంపెనీ కొత్త కాపీతో అసలు కొలతకి వచ్చింది. సినిమా తీసిన మనిషే ముప్పై నలభై ఏళ్ల తర్వాత వచ్చి "ఇలా మార్చండి" అంటే, నా వరకైతే 1970లో థియేటర్‌కి వెళ్లిన సినిమానే నాకు కావాలి. పెద్దాయన మాట కాదన్నానని కోపం వస్తే రాయండి, వచ్చే నెల వేస్తాం.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్ సినిమాకి 4కె డిస్క్ ఎందుకు, డబ్బులు గుంజడానికి కాకపోతే?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే బూడిద రంగు మెట్ల కోసం. ‘8½’లో ఎండలో తెల్ల బట్టలు, నల్ల సూట్లు ఒకే ఫ్రేములో ఉంటాయి, అక్కడ తేడా తెలుస్తుంది. అయితే మీ టీవీ 43 అంగుళాలదై, మీరు పది అడుగుల దూరంలో సోఫాలో కూర్చుంటే మామూలు బ్లూరే చాలు, మిగిలిన డబ్బుతో ఇంకో సినిమా కొనుక్కోండి.

ప్రశ్న: సమీక్షల్లో అన్నిటికీ ఐదు స్టార్లే. కొనేముందు అట్ట చూసి డిస్క్ మంచిదో కాదో కనిపెట్టే దారి ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఉంది. దేన్నుంచి స్కాన్ చేశారో రాశారా లేదా చూడండి. ఒరిజినల్ నెగటివ్ నుంచి అంటే అన్నిటికన్నా మేలు. దాన్నుంచి తీసిన పాజిటివ్ దాని తర్వాతది, థియేటర్ ప్రింట్ నుంచి అంటే బాగా తగ్గినట్టే, ఒక్కో మెట్టు దిగేకొద్దీ వివరం తగ్గి కాంట్రాస్ట్ పెరుగుతుంది. "డిజిటల్లీ రీమాస్టర్డ్" అని మాత్రమే రాసి ఊరుకుంటే దానికి అర్థమేమీ లేదు, వీడియో టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించినా ఆ మాట రాసుకోవచ్చు. మూడు గంటల సినిమాని 25 జీబీ డిస్క్‌లో కుక్కారా, 50 జీబీది వాడారా అన్నదీ చూడండి. ఒకే డిస్క్ మీద మూడు సినిమాలు అని సంబరంగా రాసి ఉంటే అసలు ముట్టుకోకండి.

రెండు డిస్కుల ఫ్రేములు పక్కపక్కన పెట్టి పోల్చే ఫొటోలు పనికొస్తాయి, రంగుకీ కొలతకీ మాత్రమే. గ్రెయిన్ ఎలా కదులుతోందో నిలిచిన ఫొటోలో ఎలా తెలుస్తుంది? పైగా ఎక్కువ వెలుగున్న ఫొటో మన కంటికి ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది.

ఇంకోటి కూడా అడిగి తెలుసుకోండి, ఆ కాపీలో సినిమా పూర్తిగా ఉందా అని. 1960లో ‘రోకో అండ్ హిజ్ బ్రదర్స్’కి మిలాన్ ప్రాసిక్యూటర్ అడ్డం పడితే, కొన్ని సీన్లు కత్తిరించే బదులు ఏమీ కనపడనంత నల్లగా చేసి ఆడించారు. 2015లో బొలోన్యాలో రిస్టోర్ చేసిన కాపీలో సెన్సార్ చేసిన భాగాలు తిరిగొచ్చాయి. అంతకుముందు కాపీ ఎంత తళతళలాడినా ఈ విషయంలో లోటు లోటే. మారియో బావా ‘బ్లాక్ సండే’కి అమెరికాలో సంగీతమే మార్చేశారు, రొబెర్తో నికొలోజీ సంగీతం తీసేసి లెస్ బాక్స్‌టర్‌ది పెట్టారు. ఆరో వాళ్ల 2013 బ్లూరేలో రెండు వెర్షన్లూ ఉన్నాయి, ఒక డిస్క్ ఇంతకన్నా నిజాయితీగా ఉండటం కష్టం.

ప్రశ్న: స్ట్రీమింగ్‌లో అన్నీ దొరుకుతుంటే ఈ డిస్కుల చాదస్తం ఎందుకండీ?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దొరికితే చూసేయండి, నేనూ చూస్తాను. ఆంతోనియోనీ ‘రెడ్ డెజర్ట్’ మాత్రం ఒకసారి రెండు రకాలుగా చూడండి. 1964లో అది ఆయన మొదటి రంగుల సినిమా, తనకి కావాల్సిన రంగు కోసం చెట్లకీ గడ్డికీ కూడా పెయింట్ వేయించాడు. అందులో రేవు దగ్గర పొగమంచులో మనుషులు ఒక్కొక్కరే కనపడకుండా పోయే సీన్ ఉంది. మంచు, పొగ, గ్రెయిన్, చీకటి, ఈ నాలుగూ స్ట్రీమింగ్‌కి గిట్టవు. నెట్ కొంచెం మందగించినా మంచు కాస్తా మెట్లు మెట్లుగా, గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. బ్లూరేలో వీడియోకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు, స్ట్రీమింగ్‌లో మామూలుగా అంత ఇవ్వరు. చందా సైట్లలో ఉన్న సినిమా రేపు ఉంటుందో లేదో, ఉన్నా ఏ కాపీ పెడతారో మన చేతిలో లేదు.

ప్రశ్న: మీరు చెప్పినవన్నీ చూసి మంచి డిస్కే కొన్నాను. అయినా మా కొత్త టీవీలో ‘లా దోల్చే వీటా’ సీరియల్‌లా కనిపిస్తోంది. ఎక్కడుంది తేడా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: టీవీలో ఉంది. షోరూమ్‌లో కళ్లు చెదరాలని కంపెనీవాళ్లు పెట్టి పంపిన సెట్టింగులు మీ ఇంట్లో అలాగే నడుస్తున్నాయి. మెనూలో మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఒకటుంటుంది, కంపెనీకో పేరు పెడతారు, సినిమా ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని కల్పించి ఇరికించేది అదే, ముందు దాన్ని ఆపెయ్యండి. షార్ప్‌నెస్‌ని సున్నాకో, దాదాపు సున్నాకో దించండి, నాయిస్ రిడక్షన్ తీసెయ్యండి, లేకపోతే డిస్క్‌లో కాపాడిన గ్రెయిన్‌ని టీవీ తుడిచేస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది నొక్కితే ఇవన్నీ ఒకేసారి అయిపోతాయి. మొదటి రెండ్రోజులు బొమ్మ కొంచెం డల్‌గా, పసుపుగా అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు పాడు చేశావంటారు, కొన్నాళ్లు రిమోట్ మీ దగ్గరే పెట్టుకోండి.